లొల్లి ఎర్ర చెడ్డీ గురించేనా?

2025 జులైల కొత్త సూపర్‌మ్యాన్ సినిమా వచ్చినప్పుడు అమెరికాల రెండు లొల్లులు ఒక్కసారే నడిచినయ్. ఒకటి చెడ్డీ లొల్లి. 2013ల జాక్ స్నైడర్ 'మ్యాన్ ఆఫ్ స్టీల్' తీసినప్పుడు సూపర్‌మ్యాన్ ప్యాంటు మీది ఎర్ర చెడ్డీని తీసి పక్కన పెట్టిండు. అప్పటిసంది అభిమానులు గునుసుకుంటనే ఉన్నరు. ఇప్పుడు జేమ్స్ గన్ దాన్ని మళ్ల తొడిగిచ్చిండు. కొందరు ఖుషీ అయిన్రు, కొందరు నవ్విన్రు. రెండో లొల్లి జర పెద్దది. సినిమా రిలీజ్‌కు ముందు ఒక ఇంటర్వ్యూల గన్, సూపర్‌మ్యాన్ కథంటే బయటి నుంచి వలసొచ్చినోని కథేనని అన్నడు. అమెరికాల వలసోళ్లను ఏరి ఏరి పట్టుకపోతున్న రోజులవి. ఇగ టీవీలల్ల కూసున్నోళ్లు లేచిన్రు. అందరివాడైన హీరోకు లేని రాజకీయం అంటగడుతున్నరని మండిపడ్డరు.

రెండు లొల్లులల్ల ఉన్న మాట ఒక్కటే: అసలు ఉన్నట్టు తీయలే. సూపర్‌హీరో సినిమా ఏది వచ్చినా ఈ మాట వస్తది. వినేటందుకు న్యాయంగనే ఉంటది. ఒకల కథ తీసుకున్నంక దానికి కట్టుబడి ఉండాలె కదా అనిపిస్తది. కానీ ఏ కామిక్‌కు కట్టుబడాలె, దేనికి కట్టుబడాలె అని అడిగితె మాత్రం ఒక్కలు ఒక్క తీరు చెప్పరు. అందుకే మొట్టమొదటి బుక్కు తెరిచి చూడుడు మంచిది.

'యాక్షన్ కామిక్స్' మొదటి సంచిక 1938 జూన్ తారీఖుతోని వచ్చింది. ధర పది సెంట్లు. క్లీవ్‌లాండ్‌ల ఉండే ఇద్దరు యూదు పోరగాళ్లు చేసిన్రు. జెర్రీ సీగెల్ రాసిండు, జో షుస్టర్ బొమ్మలేసిండు. ఇద్దరివీ యూరప్ నుంచి వలసొచ్చిన కుటుంబాలే. షుస్టర్ అయితే పుట్టుడే కెనడాల పుట్టిండు. ఆ పదమూడు పేజీలల్ల సూపర్‌మ్యాన్ చేసిన పనులేందో చూడున్రి. చెయ్యని తప్పుకు కరెంటు కుర్చీ ఎక్కబోతున్న ఒక ఆడామెను కాపాడెటందుకు గవర్నర్ ఇంట్లకు తలుపులు పీక్కొని పోయిండు. పెండ్లాన్ని కొడుతున్న ఒకన్ని ఎత్తి గోడకేసి కొట్టిండు. వాషింగ్టన్‌ల ఒక సెనేటర్‌ను చేతుల పెట్టుకొని దేశాన్ని యూరప్ పంచాదిలకు గుంజాలని చూస్తున్న దళారి వెంట పడ్డడు. రెండో సంచికల ఆయుధాలు అమ్ముకునే సేటును సిపాయి బట్టలేసి యుద్ధంల నిలబెట్టిండు. మూడోదాంట్ల గని ఓనర్‌ను, ఆయన విందుకొచ్చిన పెద్దమనుషులను గనిలకు దింపి, భద్రత లేనికాడ పనిచేసుడంటే ఎట్లుంటదో కండ్లార చూపెట్టిండు. 1939 మొదట్ల వచ్చిన ఎనిమిదో సంచికల అయితే ఒక మురికివాడను మొత్తం కూలగొట్టిండు. కూలితేనే సర్కారు వచ్చి మంచి ఇండ్లు కట్టిస్తదని. (ఇప్పుడు గట్ల చేస్తే మనం సూపర్‌మ్యాన్ అనం, బుల్డోజర్ అంటం. అది వేరే ముచ్చట.)

ఇందుల రాజకీయం లేదట!

అదే బుక్కుల లేనియి ఏందో కూడ చూడాలె. సూపర్‌మ్యాన్ అండ్ల ఎగరడు, ఎత్తుగ దుంకుతడు గంతే. పెంచిన అమ్మానాయినలు లేరు. తొవ్వల పోయేటాయన ఎవలో పిల్లగాన్ని చూసి అనాథాశ్రమంల ఇచ్చిండని ఉంటది. క్రిప్టాన్ అనే పేరు లేదు. లెక్స్ లూథర్ లేడు, వాడు 1940ల వచ్చిండు, అప్పుడు నెత్తి మీద ఎర్ర జుట్టు కూడ ఉండె. ఎడిటర్ పెర్రీ వైట్, ఫొటోగ్రాఫర్ జిమ్మీ ఓల్సెన్ ఆ పేర్లతోని మొదలు వినపడ్డది 1940ల మొదలైన రేడియో నాటకంల. సూపర్‌మ్యాన్ ఒంట్ల బలం గుంజేసే క్రిప్టోనైట్ రాయి 1943ల రేడియోల పుట్టింది, అది కామిక్‌లకు వచ్చేసరికి 1949 అయింది. గాల్లో ఎగురుడును జనాలకు అలవాటు చేసింది 1941 సంది థియేటర్లల్ల వేసిన ఫ్లైషర్ కార్టూన్లు. అంటే ఇయ్యాల ఎవలన్న 'అసలు సూపర్‌మ్యాన్' అంటే వాళ్ల మనసుల మెదిలే బొమ్మల సగం కామిక్‌ల నుంచి వచ్చింది కాదు, రేడియో నుంచి, సినిమా నుంచి కామిక్‌లకు పోయింది. బ్యాట్‌మ్యాన్ కథలల్ల ఉండే హార్లీ క్విన్ కూడ అంతే, 1992ల టీవీ కార్టూన్‌ల పుట్టి తర్వాత బుక్కులకు నడిచింది.

మనకు ఇది కొత్త కాదు. 'మాయాబజార్' చూసి శశిరేఖ వ్యాసభారతంల లేదు గదా అని ఎవలూ లేచిపోలే. లక్ష్మణరేఖ వాల్మీకి రామాయణంల లేకున్నా గీత దాటొద్దనే మాట మన ఇండ్లల్ల రోజూ వాడుతరు. చెప్పుకుంట చెప్పుకుంట పోతే కథ పెరుగుతది. మరి 2023ల 'ఆదిపురుష్' వచ్చినప్పుడు ఎందుకు గంత కోపమొచ్చింది? రావణుని జుట్టు మీద కూడ నవ్విన్రు గని, ఎక్కువ తగిలింది హనుమంతుని నోట్లె పెట్టిన మాటలు. ఆయన గట్ల మాట్లాడడు అనిపిచ్చింది. కథల ఏం కలిపినా ఓర్చుకునే మనమే మనిషి మారితే ఓర్చుకోం. ఈ తేడాను ప్రేక్షకులు పండితుల కన్నా ముందే పట్టుకుంటరు.

నా లెక్క కూడ అదే. చెడ్డీ రంగు, ఎవల కొడుకు, ఎక్కడ పుట్టిండు అనేటివి డైరెక్టర్ ఇష్టం. ఆ పాత్ర ఎవల దిక్కు నిలబడ్డది, ఎవల మీద చెయ్యెత్తింది అనేది మాత్రం మారిస్తే, పేరు పెట్టుకునే హక్కు పోతది.

గన్ సినిమాకు ఈ కొలత పెట్టి చూస్తే, ఆయన కామిక్ అభిమానులకు కోపమొచ్చే పని ఒకటి నిజంగనే చేసిండు. సూపర్‌మ్యాన్‌ను భూమి మీదికి పంపిన కన్నోళ్ల మెసేజ్ సగం చెడిపోయి ఉంటది. ఆ మిగిలిన సగం బయటపడితే, అక్కడోళ్లను ఏలుమని చెప్పినట్టు తేలుతది. అన్నేండ్ల సంది మంచోళ్లనుకున్న జోర్-ఎల్, లారాలను ఇట్ల చూపెడ్తరా అని శానమంది తిట్టిన్రు. నాకు మాత్రం ఆ మలుపే సినిమాకు ఆయువుపట్టు అనిపిచ్చింది. వలసొచ్చినోన్ని అనుమానించే ప్రతి దేశంల అడిగే ప్రశ్న అదే గదా: నువ్వు ఎవలి మనిషివి, నిన్ను ఎందుకు పంపిన్రు? దానికి వాడు రక్తం చూపెట్టి జవాబు చెప్పడు, కాన్సస్‌ల పెంచిన రైతు దంపతులను చూసి చెప్తడు. బొరేవియా అనే దేశం పక్కనున్న జర్హాన్‌పూర్ మీద పడుతుంటే సర్కార్లను అడగకుంట పోయి ఆపుతడు. 1938ల యుద్ధ దళారి వెంట పడ్డోడు ఇట్లనే చేస్తడు. సినిమాల జోకులు ఎక్కువైనయ్, ఆ కుక్క సీన్లు జర తగ్గిస్తే బాగుండె. అయినా మనిషి వాడే.

ఇగ రెండో దిక్కు ఉదాహరణ తీసుకుంట. 'వాచ్‌మెన్' అని 1986-87ల పన్నెండు సంచికలుగ వచ్చిన కామిక్. అలన్ మూర్ రాసిండు, డేవ్ గిబ్బన్స్ గీసిండు. ముసుగులు తొడుక్కొని జనాన్ని కాపాడుతమని తిరిగేటోళ్లు నిజంగ ఉంటే ఎట్లుంటరు అనేది అండ్ల ముచ్చట. పొట్టొచ్చినోడు ఒకడు, మతి చెడినోడు ఒకడు, అధికారం చేతిల ఉండి మనుషుల మీద పావురం పోయినోడు ఒకడు. చదువుతుంటే హీరోలంటే భయమైతది, మనం వాళ్లను ఎందుకు కోరుకుంటున్నమని సిగ్గైతది.

2009ల స్నైడర్ దాన్ని సినిమా తీసిండు. బొమ్మకు బొమ్మ, ఫ్రేముకు ఫ్రేము దించిండు. శాన సీన్లల్ల కామిక్ పేజీ పక్కన పెడితె తేడా కనపడది. ఆఖరుల న్యూయార్క్ మీద పడే రాక్షస జీవిని తీసేసి వేరే ఉపాయం పెట్టినందుకు అభిమానులు లొల్లి చేసిన్రు గని, నా లెక్కల తప్పు అది కాదు. కామిక్‌ల ఎముక విరిగితె చదివేటోనికి కడుపుల తిప్పుతది. సినిమాల అదే ఎముక స్లో మోషన్‌ల, మెరిసే లైట్ల కింద విరుగుతది. చూసేటోడు విజిలేస్తడు. ముసుగోళ్లను చూసి భయపడాలని రాసిన కథ, ముసుగోళ్ల మీద మోజు పెంచే సినిమా అయింది. పేజీలన్నీ ఉన్నయ్, పుస్తకమే లేదు. మూర్ తన పేరు టైటిల్స్‌ల వెయ్యొద్దని ముందే చెప్పిండు, వెయ్యలే.

పదేండ్లకు, 2019ల హెచ్‌బీఓ అదే పేరుతోని సిరీస్ తీసింది. డేమన్ లిండెలాఫ్ కామిక్ కథను మళ్ల చెప్పనే లే, ముప్పై ఏండ్ల తర్వాత ఏమైంది అని మొదలు పెట్టిండు. మొదటి సీనే 1921ల టల్సా ఊర్ల తెల్లోళ్లు గుంపులుగ వచ్చి నల్లోళ్ల బస్తీని తగలబెట్టుడు. అది నిజంగ అయింది, అమెరికా బడి పుస్తకాలల్ల ఏండ్లకేండ్లు దాచిపెట్టిన చరిత్ర. కామిక్‌ల హుడెడ్ జస్టిస్ అని మొదటి ముసుగు హీరో ఉంటడు, ముసుగు కింద ఎవలో మూర్ గట్టిగ చెప్పలే. సిరీస్‌ల ఆయన ఒక నల్లజాతి పోలీసాయన. తోటి పోలీసులే ఆయన మెడకు ఉరితాడేసి బెదిరించిపోతే, అదే తాడు, అదే ముసుగు తొడుక్కొని బయల్దేరుతడు. కామిక్‌ల ఇది ఒక్క ముక్క లేదు. కానీ ముసుగు ఎందుకు తొడుగుతరు, న్యాయం పేరుతోని ఎవల చేతికి కట్టె వస్తది అని కామిక్ అడిగిన ప్రశ్నను ఇంకింత లోతుకు తీసుకపోయింది. మూర్‌కు అది కూడ నచ్చలే, ఆ మాట ఆయన దాచుకోలే. ఆయన కోపానికి వేరే కారణం ఉన్నది, తర్వాత ఆ ముచ్చటకు వస్త.

మనోళ్లకు వీళ్లందరి కన్నా దగ్గరోడు థానోస్. మనం శానమందిమి కామిక్‌లు చదివి సినిమాకు పోయినోళ్లం కాదు, సినిమానే మనకు మొదటి బుక్కు. 2018ల 'ఇన్ఫినిటీ వార్' తెలుగుల వచ్చినప్పుడు థానోస్‌కు దగ్గుబాటి రానా గొంతు ఇచ్చిండు, హాలు హాలంతా ఊగింది. అండ్ల థానోస్ చెప్పేది ఏంది? లోకంల తినే నోళ్లు ఎక్కువైనయ్, తిండి తక్కువుంది, అందుకే సగం మందిని మాయం చేస్త, మిగిలినోళ్లు సుఖంగ బతుకుతరు అని.

కామిక్‌ల థానోస్ ఈ లెక్క చెప్పి చంపడు. 1991ల జిమ్ స్టార్లిన్ రాసిన 'ఇన్ఫినిటీ గాంట్లెట్'ల మృత్యువే ఒక ఆడ రూపంల ఉంటది, థానోస్ ఆమె మీద మనసుపడి, ఆమె మెప్పు కోసం సృష్టిల సగం ప్రాణాలను కానుకగ ఇస్తడు. ఆమె తిరిగి కూడ చూడది. సినిమా వాళ్లకు అది పిచ్చి పురాణం లెక్క కొట్టి ఉంటది, అందుకే 'సమజయ్యే' కారణం పెట్టిన్రు. విలన్ బాగా పండిండు, ఒప్పుకుంట. కానీ ఆ ఒక్క మార్పుతోని ఎంత బరువు అటు నుంచి ఇటు ఒరిగిందో చూడున్రి. కామిక్‌ల వాడు ఆశిక్, హంతకుడు. వాని మాటకు ఎవలూ తల ఊపరు. సినిమాల వాడు ఆర్థిక శాస్త్రం చెప్తున్నడు. హాల్ల నుంచి బయటికొచ్చినంక 'వాడు చెప్పిందాంట్ల తప్పేముంది' అన్న పోరగాళ్లను నేనే చూసిన. చేతిల సర్వశక్తులున్నోడు తిండిని రెండింతలు ఎందుకు చెయ్యలే అని రెండు సినిమాలల్ల ఒక్క హీరో గట్టిగ అడగడు.

జనం ఎక్కువైన్రు అనే మాట మన దేశంల ఉత్త మాటగ ఉండిపోలే. ఎమర్జెన్సీల, ఒక్క 1976-77 ఏడాదిలనే 80 లక్షలకు పైగ కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసిన్రు, అండ్ల బలవంతంగ గుంజుకపోయి చేసినయ్ ఎన్నో. కత్తి కిందికి పోయింది ఎక్కువగ పేదోళ్లే. తినే నోళ్లు లెక్కబెట్టేటోడు ఎప్పుడూ తన నోరు లెక్కబెట్టడు. అందుకే థానోస్ కారణం మార్చుడు నాకు చెడ్డీ మార్చుడు లెక్క చిన్నగ అనిపించది. ఇక్కడ కామిక్‌కు కట్టుబడి ఉంటే సినిమా ఇంకా నిజాయితీగ ఉంటుండె.

అట్లని పాతదంతా అట్లనే ఉంచాలని కూడ కాదు. 1973ల షాంగ్-చీ కామిక్ మొదలైనప్పుడు వాని నాయిన పేరు ఫూ మాంచూ. చైనోళ్లంటే మోసగాళ్లు, విషం పెట్టేటోళ్లు అని తెల్లోళ్ల నవలలు అల్లిన బూచోడు. 2021 సినిమాల వాన్ని తీసేసి టోనీ లియుంగ్‌తోని వెన్‌వూ అనే తండ్రిని చేసిన్రు. మంచి పని చేసిన్రు. దీని మీద ఎక్కువ చెప్పేది లేదు.

ఇప్పుడు మూర్ కోపం కాడికి వస్త. నాకు ఈ మొత్తం చర్చల కడుపు మండేది ఇక్కడే. కామిక్‌ల ఉన్నట్టు తీయాలె అని స్టూడియోలను నిలదీసే అభిమానులు, ఆ కామిక్‌ను చేతితోని చేసిన మనిషికి ఏం దక్కింది అని శాన తక్కువగ అడుగుతరు. 'వాచ్‌మెన్' బుక్కు అచ్చుల లేకుంట పోతే హక్కులు మూర్, గిబ్బన్స్‌లకు తిరిగి రావాలని ఒప్పందం. బుక్కు మస్తు అమ్ముడుపోయింది, కంపెనీ అచ్చు ఆపలే, హక్కులు ఎన్నడూ రాలే. ఆయన పేరు తీసెయ్యమన్నది సినిమా బాగ లేదని కాదు, సినిమా కన్నా ఎన్నో ఏండ్ల ముందే తెగిపోయిన నమ్మకం అది.

సీగెల్, షుస్టర్‌లకు సూపర్‌మ్యాన్ మీద సర్వహక్కులు రాసిచ్చినందుకు వచ్చింది 130 డాలర్లు. ఇద్దరు పంచుకున్నరు. తర్వాత కోర్టుల చుట్టూ తిరిగిన్రు. 1975 వచ్చేసరికి షుస్టర్‌కు చూపు దాదాపు పోయింది, సీగెల్ గుమాస్తా పని చేసుకుంటున్నడు. అదే టైమ్‌ల కోట్ల డాలర్లు పెట్టి సూపర్‌మ్యాన్ సినిమా తీస్తున్నమని ప్రకటన వచ్చింది. సీగెల్ పేపర్లకు బహిరంగంగ రాసిండు, నీల్ ఆడమ్స్, జెర్రీ రాబిన్సన్ లాంటి బొమ్మలేసేటోళ్లు వెంట నిలబడ్డరు. పరువు పోతదని కంపెనీ దిగొచ్చి, ఏడాదికి తలా 20 వేల డాలర్ల పింఛను, పేరు వేసుడు ఒప్పుకున్నది. 1978 సినిమా తెర మీద ఆ ఇద్దరి పేర్లు ఉన్నయంటే, అది కొట్లాడి తెచ్చుకున్నది. బ్యాట్‌మ్యాన్‌ను బాబ్ కేన్‌తోని కలిసి చేసిన బిల్ ఫింగర్ 1974ల పోయిండు, ఆయనకు అధికారంగ పేరు దక్కింది 2015ల.

థానోస్‌ను పుట్టిచ్చిన స్టార్లిన్ 2017ల ఒక మాట బయటపెట్టిండు. 'బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్'ల తను చేసిన ఒక చిన్న విలన్‌ను వాడుకున్నందుకు డీసీ కంపెనీ ఇచ్చిన చెక్కు, అప్పటిదాంక థానోస్ కనపడ్డ సినిమాలన్నిటికి కలిపి వచ్చిన పైసల కన్నా పెద్దదట. ఎడ్ బ్రూబేకర్ 2005ల వింటర్ సోల్జర్ కథ రాసిండు. 2014 సినిమాల ఒక్క నిమిషం మొఖం చూపెట్టినందుకు నటునిగ వచ్చిన పైసలే, ఆ పాత్రను చేసినందుకు వచ్చినదాని కన్నా ఎక్కువని ఆయనే చెప్పిండు. జాక్ కిర్బీ వారసులు ఏండ్లకేండ్లు కేసు కొట్లాడితే, ఆయన పోయిన 20 ఏండ్లకు, 2014ల రాజీ అయింది. 2025ల వచ్చిన 'ఫెంటాస్టిక్ ఫోర్' సినిమాల ఆ లోకానికి 828 అని నంబర్ పెట్టిన్రు, కిర్బీ పుట్టినరోజు ఆగస్టు 28 కాబట్టి. మంచి ఆలోచనే. బతికున్నప్పుడు ఆయన అడిగింది నంబర్ కాదు, తను గీసిన బొమ్మలు తనకు తిరిగి ఇయ్యమని.

అదే సినిమా మీద అభిమానుల లొల్లి దేని గురించి? సిల్వర్ సర్ఫర్‌ను ఆడ మనిషిగ ఎట్ల చూపెడ్తరని.

షుస్టర్ వారసుల తరఫున 2025 జనవరిల ఇంకో కేసు పడ్డది. బ్రిటన్, కెనడా లాంటి దేశాలల్ల సూపర్‌మ్యాన్ హక్కులు ఏనాడో తిరిగి తమకు రావాల్సి ఉండెనని. న్యూయార్క్ ఫెడరల్ కోర్టు అది తమ పరిధిలకు రాదని కొట్టేసింది, సినిమా జులైల మామూలుగనే రిలీజ్ అయింది. అమెరికాల అయితే ఆ మొదటి కామిక్ మీద కాపీరైట్ 2033 ఆఖరుతోని అయిపోతది. 2034 జనవరి ఒకటి నుంచి అక్కడ ఎవలైనా ఎవల్నీ అడగకుంట సూపర్‌మ్యాన్ సినిమా తీసుకోవచ్చు. కాకపోతే 1938ల ఉన్న సూపర్‌మ్యాన్‌నే తీయాలె. ఎగుర్తే కుదరది, దుంకాలె. క్రిప్టోనైట్ వాడొద్దు, లూథర్ పేరెత్తొద్దు, వాటికి ఇంకా టైమ్ ఉన్నది. గని ఓనర్లను, యుద్ధ దళారులను ఎంత తరిమినా అభ్యంతరం లేదు. చెడ్డీ కూడ మొదటి అట్ట మీదనే ఉన్నది, వేసుకోవచ్చు.